రెండో చుక్క

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు వాకిట్లో నిలబడి తప్పకుండా ఒక మాట అడిగేవాళ్లు. బట్టలు ఆరేసుకునే ఈ ఇనుప కడ్డీ నడుమ లావుగా, కొసలకు సన్నగా, ఇంత నున్నగా ఎందుకుంది అని. అది తరాజు దండి అని అమ్మ చెప్పేది. మరి తరాజు దండి మీద రవికెలెందుకు ఆరేశారు అని రెండో ప్రశ్న వచ్చేది. అప్పుడు అమ్మ, "చాయ్ తాగుతరా?" అని అడిగేది. మా ఇంటి చరిత్రలో సగం ఆ చాయ్ వెనకే ఉండిపోయింది. మిగతా సగం నేను చెబుతాను.

మాది తరాజులు చేసే కుటుంబం. ఇల్లు యాకుత్‌పురాలో, రైలుపట్టాలకు మరీ దగ్గరగా ఉండేది. టైము రైళ్లే చెప్పేవి, మా ఇంట్లో గోడగడియారం అలంకారానికే. వీధి వైపు గది కార్ఖానా. దాని వెనక వాకిలి. వాకిలికి ఒక పక్క మేము, ఇంకో పక్క బాపు తమ్ముడు, అంటే మా కాక, చిన్నమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. అందువల్ల వాళ్ల వాటా తిట్లు కూడా నాకే వచ్చేవి. వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

తాత మొదలుపెట్టిన పని ఇది. బేగంబజార్‌లో మిర్చి, చింతపండు, బెల్లం, ఎల్లిగడ్డ తూచే దుకాణాల్లో చాలావాటిలో మా తరాజులే వేలాడేవి. సేర్లు పోయి కిలోలు వచ్చినప్పుడు తూకపు రాళ్లు చేసేవాళ్లు కంగారుపడ్డారట గాని తాత పడలేదట. దండికి ఎంత బరువన్నది అక్కర్లేదు, రెండు పక్కలా ఒక్కటేనా కాదా అన్నదే దానికి కావాలి. మా ఇంట్లో ఆస్తి అనదగింది ఏదైనా ఉంటే అది ఈ పట్టింపే.

చూడడానికి తరాజులో ఏమీ లేదు. ఒక దండి, దాని నడుమ నిటారుగా ఒక ముల్లు, రెండు కొసల నుంచి గొలుసులతో వేలాడే చిప్పలు. నడుమ నుంచి ఈ కొసకు ఎంత దూరమో ఆ కొసకూ అంతే ఉండాలి. ఒక పక్క వెంట్రుకంత ఎక్కువైనా తేడా వస్తుంది. కాని ఆ తేడా ఖాళీ తరాజులో కనబడదు. రెండు చిప్పల్లో బరువులు పెట్టి, ముల్లు నిటారుగా నిలిచాక, ఈ చిప్పలోది ఆ చిప్పలోకి, ఆ చిప్పలోది ఈ చిప్పలోకి మార్చి మళ్లీ చూడాలి. అప్పుడూ ముల్లు కదలకుంటే దండి మంచిది. ఒరిగిందంటే మళ్లీ ఆకురాయి పట్టాలి. ఆ ఆకురాయి కూడా చూసి పట్టాలి, ఎందుకంటే రాల్చిన ఇనుమును మళ్లీ అతికించలేం.

తాత పెట్టిన నియమం ఒక్కటే. దండి చేసినవాడు దాన్ని పరీక్ష చెయ్యకూడదు. తాను చేసిన దండి ముల్లు ఎవడి కంటికైనా నిటారుగానే కనబడుతుందని ఆయన నమ్మకం. అందుకని చేసినవాడు దండి అడుగున ఎడమవైపు ఒక చుక్క కొట్టేవాడు. ఇంకొకరు పరీక్షించి, బాగుందనుకుంటే కుడివైపు రెండో చుక్క కొట్టేవాళ్లు. రెండు చుక్కలు పడితే గాని దండి గడప దాటదు. ఆ తర్వాత సర్కారు ముద్ర కూడా పడేది. అది చట్టం కోసం. బేగంబజార్ సేఠ్‌లు మాత్రం దండి చేతికి రాగానే తిప్పి ముందు చుక్కలు చూసుకునేవాళ్లు.

తాత పోయాక బాపు చేసింది కాక చూసేవాడు, కాక చేసింది బాపు చూసేవాడు. అన్నదమ్ములు కాబట్టి మొదట్లో అంతా మర్యాదగా నడిచింది. నేను హైస్కూల్లో ఉండగా ఒకరోజు మిర్చి సేఠ్ తన తరాజు తీసుకుపోవడానికి వచ్చాడు. అది కాక చేసిన దండి. బాపు సేఠ్ ముందే పరీక్షకు పెట్టి, బరువులు మార్చాడు. ముల్లు కొంచెం ఒరిగింది. 'ఇంకొంచెం సవరించాలె' అంటే సరిపోయేది. బాపుకు ఆ రోజు హాస్యం పుట్టింది.

"గిది బట్టలారేసుకోనీకి పనికొస్తది," అన్నాడు.

సేఠ్ పకపకా నవ్వాడు. కాక నవ్వలేదు. దండిని కొక్కెం నుంచి తీశాడు, రెండు తాళ్లు తీసుకుని వాకిట్లోకి పోయాడు, గోడకూ వేపచెట్టుకూ మధ్య దాన్ని అడ్డంగా కట్టాడు. తన తడి తువ్వాల తెచ్చి దాని మీద ఆరేశాడు. చేతులు దులుపుకుని లోపలికొచ్చి పనిలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఒక మాట ఎక్కువన్నానని బాపుకు తెలియక కాదు. ఆ సంగతి నోటిదాకా వచ్చేసరికి ఆ దండి మీద ఇంటిల్లిపాది బట్టలూ ఆరుతున్నాయి, అమ్మకేమో అది బాగా అలవాటైపోయింది.

మాటలు లేవంటే మా ఇంట్లో మాటలు లేవని కాదు. ఇద్దరూ రోజంతా ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చునేవాళ్లు. ఏం చెప్పాలన్నా మధ్యలో మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

"బిడ్డా, మీ కాకకు జెప్పు. దండి ఎడమ దిక్కు ఒరుగుతున్నదని."

"కాకా, ఎడమ దిక్కు ఒరుగుతున్నదంట."

"మీ బాపుకు జెప్పు. ఒరుగుతున్నది దండి కాదు, ఆయన మెడ. రాత్రి మెత్త సక్కగ లేదేమో అడుగు."

"బాపూ, మెత్త..."

"విన్న. మెత్త మంచిగనే ఉన్నది. ఆకురాయి పట్టుమను."

ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడుతుందని ముగ్గురికీ తెలుసు. అయినా నేను చెబితేనే అది చెప్పినట్టు. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, తిట్టు ఎవరి నోటి నుంచి వచ్చినా రెండోసారి చెప్పేటప్పటికి కొంచెం చల్లారుతుంది.

దీనివల్ల ఎవరూ అనుకోని మేలు ఒకటి జరిగింది. మాట్లాడని తమ్ముడు అన్న దండిని చూసినంత నిర్దయగా లోకంలో ఎవరూ ఏదీ చూసి ఉండరు. బాపు కూడా తక్కువ తినలేదు. మబ్బుగా ఉందని, చిప్పకు దుమ్ము అంటిందని సాకు చెప్పే వీలు ఎవరికీ లేదు. ఒక్క రైలు వచ్చినప్పుడు మాత్రం మినహాయింపు. రైలు పోతుంటే నేల అదిరి ముల్లు వణికేది. అప్పుడిద్దరూ చేతులు కట్టుకుని, చెరో గోడను చూస్తూ, అది పోయేదాకా ఆగేవాళ్లు. ఆ ఏళ్లలో మా తరాజులకు వచ్చినంత పేరు తాత రోజుల్లో కూడా రాలేదు. మిర్చి సేఠ్ అయితే కొత్త తరాజు కావాలని వచ్చినప్పుడల్లా ముందు నన్ను పక్కకు పిలిచి అడిగేవాడు.

"బేటీ, ఇంకా మాట్లాడుకుంటలేరు గదా?"

"లేదు సేఠ్."

"బహుత్ అచ్ఛా. అయితే నాకు పెద్దది ఒకటి జెయ్యుమను."

నేను కాలేజీలో బి.కాం. చదివేటప్పుడు, లెక్కల తనిఖీ గురించి చెబుతూ మా లెక్చరర్ ఒకరోజు అన్నారు, కుటుంబ వ్యాపారాలు దెబ్బతినేది అక్కడేనని. అయినవాళ్లు అయినవాళ్ల పనిని తనిఖీ చెయ్యలేరు, మొహమాటం అడ్డొస్తుంది అన్నారు. నేను బుద్ధిగా రాసుకున్నాను. మా ఇంట్లో మొహమాటం ఎప్పుడో వాకిట్లో ఆరేశారని చెప్పడం బాగుండదని ఊరుకున్నాను. ఆయన మాట నిజమేనని తెలుసుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

నా చదువు ఆఖరి ఏడు వేసవిలో బాపు మాదన్నపేట కూరగాయల బజారులో తోటకూర బేరం చేస్తూ కిందపడిపోయాడు. రక్తపోటు అన్నారు. కబురు తెలియగానే కాక చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. దవఖానలో మంచం పక్కనే కూర్చున్నాడు. అమ్మ, చిన్నమ్మ, నేను వెళ్లేసరికి బాపు కళ్లు తెరిచి ఉన్నాడు. ఎవరివైపూ చూడకుండా, నీరసంగా అడిగాడు.

"కార్ఖానల ఎవరున్నరు?"

నేను జవాబు మోయడానికి సిద్ధపడ్డాను. అవసరం పడలేదు.

"ఎవరు లేరు," అన్నాడు కాక. "తాళమేసిన."

"ఎందుకేసినవ్‌రా? సేఠ్‌లు వస్తే?"

"వస్తే వస్తరు. నువ్వు పండు."

ఇన్నేళ్ల మౌనం ఒక తాళం దగ్గర ముగిసిపోయింది. చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అమ్మ మాత్రం తాళంచెవి ఎక్కడుందో కనుక్కుంది.

బాపు ఇంటికొచ్చాక అన్నదమ్ములు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆపలేదు. మొదటిరోజు అమ్మా చిన్నమ్మా సంతోషంతో వాడకంతా మిఠాయి పంచారు. వారం తిరిగేసరికి తోడికోడళ్లిద్దరి ముఖాల్లోనూ అలసట కనబడింది.

"ఏం మాట్లాడుతున్నరక్కా గంతసేపు?"

"చిన్నప్పుడు గోడ దుంకిన సంగతి."

"నిన్న గూడ దుంకిండ్రు గదా?"

"నిన్న ఇద్దరు దుంకిండ్రు. ఇయ్యాల కుక్క గూడ దుంకింది."

కాక వాకిట్లోని దండి విప్పి తలుపు వెనక పెట్టేశాడు. దాని బదులు తాడు కట్టాం. తాడు మీద బట్టలకు మడత మచ్చ పడుతోందని అమ్మ సణిగింది గాని, అలాంటి సమయంలో ఆ మాట గట్టిగా అనడం బాగుండదు కదా. నాకేమో మాటలు మోసే ఉద్యోగం పోయింది.

బాపు కుడిచేతిలో కొంచెం బలహీనత మిగిలింది. మెల్లగా వస్తుందని డాక్టరు అన్నాడు. మెల్లగా అన్న మాట బాపుకు వినబడినట్టు లేదు. లేచి నడవగలిగిన రోజే కార్ఖానాలో కూర్చున్నాడు. ఆకురాయి పట్టిన చెయ్యి ఒక్కోసారి ఆగి, మళ్లీ కదిలేది. అలా అలా ఒక దండి పూర్తిచేశాడు. ఎడమవైపు తన చుక్క కొట్టి తమ్ముడికి అందించాడు. అమ్మ, చిన్నమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డారు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని తరాజుకు ఎదురుగా ఉన్నాను.

కాక దండిని కొక్కేనికి తగిలించాడు. బరువులు పెట్టాడు. ముల్లు నిటారుగా నిలిచింది. బరువులు మార్చాడు. ముల్లు ఒరిగింది. తెలియని మనిషికి కూడా కనబడేంత ఒరిగింది. అప్పుడే రైలు వస్తోంది.

"రైలు," అన్నాడు కాక.

అందరం ఆగాం. రైలు పోయింది. ముల్లు వణకడం మానేసింది. ఒరగడం మాత్రం మానలేదు. బాపు తన మోడా మీద కూర్చుని, దండి వైపు కాకుండా తమ్ముడి ముఖం వైపు చూస్తున్నాడు.

"మంచిగున్నదన్నా," అన్నాడు కాక. దండిని దించి, బోర్లా తిప్పి, కుడివైపు చుక్క కొట్టాడు.

ఆ పూట బాపు కడుపునిండా తిన్నాడు. చెయ్యి ముందుకు చాపి అమ్మకు చూపించాడు.

"చెయ్యి వచ్చింది. తమ్ముడు చుక్క పెట్టిండు గదా."

డాక్టరు రాసిన మందుచీటీ ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఆ చుక్కను మాత్రం నమ్మాడు. మా ఇంట్లో అంతకంటే గట్టి సాక్ష్యం లేదు, తప్పు దొరికితే వదలకుండా దాన్ని అంత గట్టిపరిచినవాడూ బాపే. ఆ తర్వాత రోజూ ఇంకా ఉత్సాహంగా పనిలో కూర్చునేవాడు. కాక ప్రతి దండికీ చుక్క పెట్టేవాడు. మధ్యాహ్నం బాపు పడుకున్నప్పుడు ఆ దండీలను మళ్లీ తీసి, చప్పుడు కాకుండా సవరించేవాడు. అయితే ఎక్కువ రాలిపోయినదాన్ని ఎవరు సవరించగలరు? కొన్ని దండీలు అలాగే బజారుకు పోయాయి.

నాకు ఇది తెలియకుండా పోలేదు. తెలిసినా ఏం చెయ్యాలో తెలియలేదు. బాపు ముఖం అంత తేటగా ఉండడం నేను చిన్నప్పటి నుంచి చూసి ఎరగను.

ఒక ఉదయం బాపు క్షవరానికి వెళ్లిన సమయంలో మిర్చి సేఠ్ వచ్చాడు. గోనెసంచిలో చుట్టిన తరాజును గడపలో పెట్టాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"మాదన్నపేటల కూరగాయలమ్మే ఒకామె ఎండుమిర్చికి వచ్చింది," అన్నాడు. "సేఠ్, చిప్పలు మార్చి తూచు అన్నది. నాకు ఫికర్ ఏంది? షాన్‌గ మార్చిన. ముల్లు పక్కకు పోయింది. దుకాణం నిండ జనం. ఆమె ఏమన్లేదు. మిర్చి గిట్ల సంచిల నుంచి తీసి, మెల్లగ కిందవెట్టి పోయింది."

సేఠ్ సంచి విప్పి, దండి అడుగు భాగం పైకి తిప్పాడు.

"చుక్కలు రెండూ ఉన్నై. గదే నాకు సమజైతలేదు భాయ్." అంటూ కాక ముఖంలోకి, తర్వాత నా ముఖంలోకి చూశాడు. మెల్లగా అడిగాడు. "ఏంది, మాట్లాడుకుంటున్నరా?"

కాక తల దించుకుని గోనెసంచి మడవసాగాడు. సేఠ్‌కు జవాబు అందింది.

కాక తాను చేసిన తరాజు ఒకటి ఇచ్చి పంపించాడు. దాని మీద రెండో చుక్క బాపుది. "ఉస్తాద్‌కు నేను వచ్చినట్టు చెప్పకుండ్రి," అని పోయాడు సేఠ్. కాక వెనక్కి వచ్చిన దండిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నీకెర్కనే గదా కాకా," అన్నాను.

"ఎర్కనే."

"మరి ఎందుకు పెట్టినవ్ చుక్క?"

"ఏం జెయ్యాలె బిడ్డా? ఇన్నేండ్లకు నా మొఖం జూసి నవ్విండు. గా నవ్వు మీద ఆకురాయి ఎట్ల పెట్టాలె? ఒకసారి పెట్టిన. రెండోసారి ఇంక పెట్టకుంటెట్ల? మొన్న మంచిగున్న చెయ్యి ఇయ్యాల ఎట్ల ఖరాబైందంటడు."

"ఇట్లనే నడిస్తే బజార్ల బాపు పేరే పోతది."

"పోతది. పోతదని దినాం అనుకుంట. కొక్కెం కాడికి రాంగనే అన్నా అని పిలుస్త. అన్నా అన్నంక ఇంక నోరు రాదు."

నాకు కష్టమైన సమయాల్లో పనికిమాలిన మాట ఒకటి నోట్లోకి వస్తుంది. ఇంట్లో అందరూ దానికి అలవాటుపడి, పట్టించుకోవడం మానేశారు.

"మాట్లాడుకుంట చెప్పరాకుంటే మాట్లాడకుంట చెప్పు కాకా. నీకు అలవాటే గదా."

కాక నవ్వలేదు. తలుపు వెనక ఉన్న పాత దండి వైపు చాలాసేపు చూశాడు.

మర్నాడు పొద్దున బాపు ఇంకో దండి పూర్తిచేశాడు. ఇష్టంగా, రెండు వైపులా నూనెగుడ్డతో తుడిచి తమ్ముడికి ఇచ్చాడు. కాక తీసుకుని కొక్కేనికి తగిలించాడు. బరువులు పెట్టి, మార్చాడు. ముల్లు ఒరిగింది. రైలు ఏదైనా వస్తే బాగుండునని నాకనిపించింది. ఏదీ రాలేదు. కాక దండిని దించాడు. చుక్క కొట్టే ఉలి తియ్యలేదు. బాపు వైపు వీపు పెట్టి నా వైపు తిరిగాడు.

"బిడ్డా, మీ బాపుకు జెప్పు," అన్నాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ మాట విని నెలలు దాటాయి.

"జెప్పు. గీ దండితోని రాళ్లు గూడ తూచరాదు. బట్టలారేసుకోనీకి పనికొస్తది."

ఆ మాట మోయాలని నాకు లేదు. అయినా ఉద్యోగం ఉద్యోగమే.

"బాపూ, బట్టలారేసుకోనీకి..."

బాపు చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. లేచొచ్చి, కాక చేతిలోంచి దండి తీసుకుని, తానే కొక్కేనికి తగిలించాడు. తాను చేసిన దండిని తాను పరీక్షకు పెట్టడం నేను చూడడం అదే మొదలు. ఎడమచేత్తో బరువులు మార్చాడు. వంగి, ముల్లుకు సరిగ్గా ఎదురుగా ముఖం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. నిటారుగా కనబడాలని చూడలేదు. తమ్ముడి దండిని చూసినట్టు చూశాడు.

"మీ కాకను అడుగు," అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఎన్నొద్దుల సంది ఎర్క?"

"కాకా, ఎన్నొద్దుల..."

"దవఖాన నుంచి వచ్చినప్పటి సంది."

"అన్నీ గిట్లనేనా అడుగు."

"కొన్ని నేను సవరించిన. కొన్ని బజార్ల ఉన్నై. సేఠ్ ఒకటి వాపస్ దెచ్చిండు."

బాపు కుడిచెయ్యి ముందుకు చాపి చూసుకున్నాడు. మొన్న అమ్మకు చూపించిన చెయ్యే. వేళ్లు మూశాడు, తెరిచాడు.

"మీ కాకకు జెప్పు," అన్నాడు. "గాడిద అని."

"కాకా, గాడిద అంటున్నడు."

"విన్న."

"విన్నడంట బాపూ."

"వింటే మంచిదే." దండిని కొక్కెం నుంచి తీసి నాకిచ్చాడు. "దీన్ని గూడ వాకిట్ల కట్టుమను. తలుపెనకున్న పాతదాన్ని గూడ తీసి, దాని పక్కకే."

అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "మంచిగనే ఉంటది," అంది. "ఒకదాని మీద రవికెలే పట్టేటివి. రెండుంటే దుప్పటికి జాగ అయితది." చాలా మామూలుగా అంది. తర్వాత లోపలికెళ్లి, చిన్నమ్మ అప్పటికే ఉప్పు వేసిన పప్పులో మళ్లీ ఉప్పు వేసింది. ఆ పూట ఎవరూ ఏమీ అనకుండా తిన్నాం.

ఆ వారమంతా అన్నదమ్ములిద్దరూ బేగంబజార్‌లో దుకాణం దుకాణం తిరిగారు. వద్దంటే బాపు వినలేదు. తన చుక్క ఉన్న దండి తనే అడిగి తీసుకోవాలన్నాడు. నేనూ వెంట వెళ్లాను, ఎందుకంటే వాళ్లు మాట్లాడుకోరు కదా. ప్రతి దుకాణంలోనూ కాక కొత్త దండి తగిలించేవాడు, బాపు పాతదాన్ని సంచిలో వేసుకునేవాడు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూసుకోకుండా చెరో పక్క నిలబడేవాళ్లు. మిర్చి సేఠ్ వాళ్లను అలా చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"మాట్లాడుకుంటలేరా?" అని నన్ను అడిగాడు.

"లేదు సేఠ్."

"దేవుని దయ," అని చేతులు జోడించాడు.

ఆ తర్వాత నేను చాలా దుకాణాలూ, ఆఫీసులూ చూశాను. ముద్దుగా ఒకే మాట మీద ఉండే కుటుంబాలు కూడా చూశాను. అందరూ ఒకే మాట మీద ఉన్నచోట నాకు కొంచెం భయమేస్తుంది, ముల్లును ఎవరు చూస్తున్నారా అని. ప్రేమ లేనివాడు కాదనడం తేలిక. అన్నా అని పిలవాలని నోటిదాకా వచ్చినవాడు, ఆ పిలుపు మింగి కాదనడమే కష్టం. తాత నియమం పెట్టినప్పుడు ఇదంతా ఆలోచించాడో లేదో తెలియదు. బహుశా కొడుకులిద్దరికీ పని ఉండాలనే అనుకుని ఉంటాడు.

బాపు మళ్లీ ఆకురాయి పట్టలేదు. ఎవరూ పట్టవద్దని చెప్పలేదు. ఒక పొద్దున వచ్చి, తన మోడాను తీసి కొక్కెం ఎదుట, పరీక్షించేవాడి చోట వేసుకుని కూర్చున్నాడు, అంతే. దండీలన్నీ ఇక కాక చెయ్యాలి, బాపు చూడాలి. కాక మొదటి దండి చేసి ఇచ్చాడు. బాపు తగిలించాడు, మార్చాడు, చూశాడు.

"కుడి దిక్కు జర్ర ఒరుగుతున్నదని జెప్పు."

కాక తీసుకుపోయి ఆకురాయి పట్టి తెచ్చాడు. మళ్లీ ఒరుగుతున్నదన్నాడు బాపు. కాక మళ్లీ తీసుకుపోయాడు. నాకు ఆ ముల్లు నిటారుగానే కనబడింది. నేను ఆ మాట అనబోతే కాక కళ్లతోనే వద్దన్నాడు. మూతి ముడుచుకునే ఉన్నాడు గాని, ఆకురాయి శబ్దం మాత్రం చాలా రోజుల తర్వాత హుషారుగా ఉంది. అలా ఆ దండి పొద్దుగూకేదాకా ఇటూ అటూ తిరిగింది. మధ్యలో రైళ్లు పోయాయి. ఇద్దరూ చేతులు కట్టుకుని చెరో గోడను చూశారు.

చివరికి బాపు చాలాసేపు ముల్లును చూసి, దండి దించి, బోర్లా తిప్పాడు. ఉలిని ఎడమచేతిలోకి, సుత్తిని కుడిచేతిలోకి తీసుకున్నాడు. పొద్దుటి నుంచి అలసిన ఆ చేతిలో సుత్తి నిలవలేదు. చేతులు మార్చుకున్నాడు. కొట్టాడు. చుక్క ఉండవలసిన చోటుకు కొంచెం పైన, వంకరగా పడింది. ఎడమవైపు కాక కొట్టిన చుక్క గుండ్రంగా, లోతుగా ఉంది. దాని పక్కన ఇది చిన్నపిల్ల దిద్దినట్టుంది.

బాపు దండిని నాకిచ్చాడు. నేను కాకకు ఇచ్చాను. కాక వెలుతురులోకి తీసుకెళ్లి, ఆ చుక్క మీద బొటనవేలు ఒకసారి రాసి చూశాడు.

"మీ బాపుకు జెప్పు," అని ఆగిపోయాడు.

నేను ఎదురుచూశాను. బాపు కూడా గోడ వైపు తిరిగి, చెవి ఇటు పెట్టి ఎదురుచూస్తున్నాడు.

"ఏం జెప్పాలె కాకా?"

కాక దండిని గుడ్డతో మెల్లగా తుడిచి, బజారుకు పోవలసిన వాటి పక్కన పెట్టాడు.

"ఏం లేదు తియ్," అన్నాడు. "చాయ్ తాగుతడా అడుగు."